చేప చెవిరాతిలో జన్మస్థాన ముద్ర

సముద్రమున పెరిగి, గ్రుడ్లు పెట్టుటకై నదులలోనికి ఎదురీదివచ్చు చేపలు పెక్కు కలవు. గోదావరీ తీరవాసులకును, యానాం ప్రజలకును సుపరిచితమైన పులస అట్టిదే. ఉత్తర పసిఫిక్ సముద్రమునందలి సాల్మన్ చేప ఈ తెగలో మిక్కిలి పేరొందినది. వానిలో చినూక్ అను జాతి నదులలోను వాగులలోను పుట్టి, సముద్రమునకు దిగి, కొన్ని సంవత్సరములు అచట పెరిగి, సామాన్యముగా తాను పుట్టిన నీటికే మరలివచ్చి, గ్రుడ్లు పెట్టిన పిదప మరణించును.

సముద్రములో మాత్రము అనేక నదుల చేపలు కలసిమెలసి తిరుగును. వలలో పడిన చేపను పైకి చూచి అది ఏ వాగున పుట్టినదో చెప్పుట సాధ్యము కాదు. ఇందొక అపాయము కలదు. వేట సమృద్ధిగా సాగుచున్నట్లు కనబడుచుండగనే, ఒక చిన్న వాగు సంతతి ఎవరి దృష్టికిని రాకుండ క్షీణించిపోవచ్చును. ఏ జలమును కాపాడవలెనో నిర్ణయించుటకు చేపల జన్మస్థానము తెలియుట అవసరము. పెంపక కేంద్రములలోని పిల్లచేపల ముక్కులో సన్నని లోహపు తీగముక్కను గుర్తుగా నుంచు పద్ధతి ఉన్నది. కాని దూరపు వాగులలో తమంతట తాము పుట్టు పిల్లలనన్నిటిని పట్టి గుర్తు పెట్టుట అసాధ్యము. వానికి ప్రకృతియే ఒక గుర్తును పెట్టియున్నది.

చేప లోచెవిలో కాల్షియం కార్బనేటుతో ఏర్పడిన చిన్న రాళ్ళు మూడు జతలుండును. వీనిని చెవిరాళ్ళు లేక కర్ణశిలలు అనవచ్చును. శబ్దమును గ్రహించుటకును, దేహపు నిలుకడకును ఇవి తోడ్పడును. పిల్లచేప ఎదుగు కాలములో దినమునకొక సన్నని పొర వీనిపై చేరుచుండును. చెట్టు మ్రానులోని వలయములవలె ఈ పొరలు వరుసగా నిలిచియుండును. ఒకసారి ఏర్పడిన పొర మరల కరగిపోదు. కావున చేప ఏయే కాలమున ఏయే నీటిలో నుండెనో ఆ రాతిలో క్రమముగా లిఖింపబడును.

ఆ లేఖనమునకు ముఖ్యాధారము స్ట్రాన్షియం అను మూలకము. అది రసాయన స్వభావమున కాల్షియమునకు దగ్గరిది. నీటినుండి కొద్దిగా కాల్షియం స్థానమున చెవిరాతిలో చేరును. స్ట్రాన్షియం అణువులన్నియు ఒకే భారము గలవి కావు. వానిలో 87, 86 సంఖ్యల ఐసోటోపుల నిష్పత్తి ఇచట ప్రధానము. శిలలలోని రుబీడియం-87 అతి మెల్లగా స్ట్రాన్షియం-87గా మారుచుండును; సగము మారుటకు సుమారు 4,900 కోట్ల సంవత్సరములు పట్టును. అందుచేత రుబీడియం హెచ్చుగా గల ప్రాచీన గ్రానైటు శిలలలో ఈ నిష్పత్తి అధికము. ఇటీవలి అగ్నిపర్వత శిలలలో తక్కువ. శిల అరగి నీటిలో కలసినప్పుడు ఆ నిష్పత్తియే వాగునకు సంక్రమించును. నవీన అగ్నిపర్వత భూములలోని వాగులలో అది 0.704 దరిదాపున నుండును. సముద్రజలమున ప్రపంచమంతటను 0.7092.

చెవిరాతిని పలుచగా అరగదీసి, లేసరు కిరణముతో నడిమినుండి అంచువరకు కొద్దికొద్దిగా ఆవిరిచేసి, మాస్ స్పెక్ట్రోమీటరు అను యంత్రముతో ఈ నిష్పత్తిని కొలుతురు. నట్టనడుమ నున్న భాగము మాత్రము తల్లి సముద్రమునుండి తెచ్చి గ్రుడ్డు సొనలో నిలిపిన స్ట్రాన్షియమును చూపును. పిల్ల స్వయముగా మేత ఆరంభించిన తరువాతి పొరలే జన్మస్థానమునకు సాక్ష్యములు. ఒకే విధమైన శిలలపై పారు రెండు వాగులను ఈ పరీక్ష వేరుచేయజాలదు. అప్పుడు జన్యుపరీక్ష మొదలగు ఇతర సాధనములను దీనికి జోడింతురు.

ఈ విద్య ఎంత ప్రయోజనకరమో కాలిఫోర్నియాలోని శాక్రమెంటో నది నిరూపించినది. శీతకాలమున నదిలో ప్రవేశించు ఒక చినూక్ తెగ, ఎగువ నున్న చల్లని సెలయేళ్ళలో గ్రుడ్లు పెట్టుచుండెను. 1945లో పూర్తియైన షాస్తా ఆనకట్ట ఆ మార్గమును మూసివేసినది. 1994లో ఈ తెగ అంతరించు ప్రమాదము గలదిగా ప్రకటింపబడినది. దిగువ ప్రధాన నదిలో పుట్టిన పిల్లలు అచటనే పెరుగునని తలచి, రక్షణకృషి ఆ నదిపైననే ఎక్కువగా కేంద్రీకరింపబడెను. కాని గ్రుడ్లు పెట్టి మరణించిన పెద్ద చేపల చెవిరాళ్ళను పరీక్షించి, ఫిలిస్ మొదలగు శాస్త్రజ్ఞులు 2018లో వేరొక సంగతిని ప్రకటించిరి. బ్రతికి తిరిగివచ్చిన చేపలలో నూటికి 44 మొదలు 65 వరకు, బాల్యమున పుట్టినచోటు విడిచి, లాసెన్ అగ్నిపర్వతము నుండి దిగు ఉపనదులలోను, అమెరికన్ నదిలోను, డెల్టా ప్రాంతమునను పెరిగినవే. ఈ తావులలో పెక్కింటికి రక్షణపత్రములలో చోటే లేకుండెను.

అలాస్కాలోని బ్రిస్టల్ అఖాతమున కలియు నుషగాక్ నదిని గూర్చి బ్రెన్నన్ మొదలగువారు 2019లో ప్రకటించిన పరిశోధన దీనికి తోడైనది. ఆ పరీవాహక ప్రాంతమున అధికముగా సాల్మన్‌ను పుట్టించు తావు ఏటేట మారుచున్నదని చెవిరాళ్ళే తెలిపినవి. ఒక యేడు ఒక ఉపనది విఫలమైన, మరియొకటి ఆ లోటును తీర్చుచున్నది.

ఈ రెండు ఉదాహరణములనుండి తేలు నీతి యొక్కటే. చేపలు నేడు హెచ్చుగా కనబడు చోటునే కాపాడి, తక్కిన వాగులను ఉపేక్షించుట తగదు. ఏ యేట ఏ చిన్న వాగు ఆ సంతతిని నిలుపునో ముందుగా చెప్పలేము. గడచిన యేట నిలిపిన వాగేదో మాత్రము చెవిరాయి చెప్పగలదు.