ప్రింటరు సిరా మరకలు

పిల్లల పాఠములు, ఇంటి రసీదులు అచ్చువేసికొనుటకై ప్రింటరు అనేక గృహములందు చేరినది. దానితో మరకలును చేరినవి. మరక కనబడినతోడనే వేడినీళ్లు, బ్రష్షు తెచ్చి తోముట మన యలవాటు. ఆ తొందరయే మరకను స్థిరపఱచును. సోదరీమణులు ముందుగా తమ యంత్రమెట్టిదో తెలిసికొనవలెనని మా మనవి.

లేజరు యంత్రమునందుండునది సిరాయే కాదు, టోనరను మెత్తని పొడి. అందు ప్రధానముగా నుండునది ప్లాస్టిక్కు. అది యంత్రములోని వేడికి కరగి కాగితమున కంటుకొనును. వేడినీళ్లు తగిలినచో బట్టకును అట్లే యంటుకొనగలదు. కావున బట్టను ఆరుబయట దులిపి, పొడిగుడ్డతో తుడిచి, చన్నీళ్లతో ఉదుకవలెను. నేలపై పడినదానిని చీపురుతో నూడ్చిన గాలిలోనికి లేచును. చన్నీళ్ల తడిగుడ్డతో నెత్తుట మేలు.

సీసాలతో నింపెడు యంత్రములలోనిది ద్రవసిరా. మరక క్రింద పాతగుడ్డ మడచియుంచి, పైన సర్జికల్ స్పిరిటులో ముంచిన దూదితో నద్దవలెను, రుద్దరాదు. సిరా క్రిందిగుడ్డలోనికి దిగును గాన దానిని మాటిమాటికి మార్చవలెను. బట్టరంగే పోవునేమో లోపలి యంచున ముందు చూచుకొనవలెను. స్పిరిటు మండునది, పొయ్యి దాపున నీ పని వలదు. మరక పోవువఱకు ఇస్త్రీ పెట్టరాదు. పట్టుచీరపై మాత్రము మేము సాహసింపము, డ్రైక్లీనింగునకే పంపుదుము.

పాలరాతినేలకు నిమ్మరసము మంచిదని చెప్పువారు కలరు. మేమంగీకరింపము, పులుపు పాలరాతిని తినివేయును.

పిల్లల చేతులకంటినదానికి సబ్బు చాలును. మిగిలిన జాడ కొలది దినములలో తానే పోవును, దానికై బ్లీచింగుపొడి ముట్టరాదు.