121 సార్లు ఓడారు... అయినా రేపు మళ్లీ మ్యాచ్!

సొంత టీమ్ ఓడిపోతే చూద్దామని టికెట్ కొనుక్కుని మరీ స్టేడియానికి వెళ్లే ఫ్యాన్స్ ఉంటారా? ఉంటారు. 2024 సెప్టెంబర్ 24 రాత్రి షికాగోలో అలాంటివాళ్లు బోలెడుమంది పోగయ్యారు.

అప్పటికి షికాగో వైట్ సాక్స్ 120 మ్యాచ్‌లు ఓడిపోయి ఉంది. ఇంకొక్కటి ఓడితే చాలు, ఆధునిక మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఒకే సీజన్‌లో అత్యధిక ఓటముల రికార్డు వాళ్లదే. 'ఎలాగూ ఓడేదే, ఆ చరిత్రేదో మన కళ్లముందే జరగనీ' అనుకుని జనం వచ్చారు. మధ్యమధ్యలో ఓనర్‌ని ఉద్దేశించి 'టీమ్‌ని అమ్మెయ్' అని అరుపులు. లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్ 2-0తో ముందుంది. ఇక అయిపోయినట్టే అనుకుంటుంటే ఎనిమిదో ఇన్నింగ్స్‌లో వైట్ సాక్స్ మూడు పరుగులు కొట్టి 3-2తో గెలిచేసింది. మర్నాడు అదనపు ఇన్నింగ్స్ దాకా వెళ్లి 4-3తో గెలిచింది. ఆ మర్నాడైతే ఏకంగా 7-0. ఓడాల్సిన మూడు రోజులూ గెలిచారు. చరిత్ర చూద్దామని వచ్చినవాళ్లు ఉత్త చేతులతో ఇంటికెళ్లారు.

ఈ టీమ్ అలాంటిది. చివరికి ఓడిపోవడం కూడా అనుకున్న టైమ్‌కి చేతకాలేదు.

ఐపీఎల్ లెక్క ఇక్కడ పనికిరాదు

బేస్‌బాల్ తెలియనివాళ్లకి ముందు ఒక్క విషయం. మేజర్ లీగ్‌లో 30 టీమ్‌లు. ఒక్కో టీమ్ మార్చి చివర్నుంచి సెప్టెంబర్ చివరిదాకా 162 మ్యాచ్‌లు ఆడుతుంది. అంటే ఆరు నెలలపాటు దాదాపు రోజూ మ్యాచే. ఐపీఎల్‌లో 2021లో మన సన్‌రైజర్స్ 14 లీగ్ మ్యాచ్‌ల్లో మూడే గెలిచి అట్టడుగున నిలిచింది గుర్తుందా? శాతంలో చూస్తే వైట్ సాక్స్ కంటే అది ఇంకా ఘోరం. కానీ 14 మ్యాచ్‌ల్లో ఏదైనా జరగొచ్చు. నాలుగు టాస్‌లు, రెండు క్యాచ్‌లు అటూ ఇటూ అయితే కథ మారిపోతుంది. 162 మ్యాచ్‌ల్లో అదృష్టం, దురదృష్టం రెండూ అరిగిపోతాయి. మిగిలేది టీమ్ అసలు రంగే.

పైగా బేస్‌బాల్‌లో మహా మహా టీమ్‌లు కూడా బోలెడు ఓడతాయి. 2024లో వరల్డ్ సిరీస్ గెలిచిన లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ లీగ్ దశలో 98 గెలిచి 64 ఓడింది. అలాగే పనికిమాలిన టీమ్ కూడా ఊరికే కూర్చుంటే 60 దాకా గెలుస్తుందని ఈ ఆటలో ఓ నానుడి లాంటి లెక్క. అలాంటి చోట వైట్ సాక్స్ గెలిచింది 41. ఓడింది 121.

లెక్కల పిచ్చి ఉన్నవాళ్ల కోసం ఇంకోటి. బిల్ జేమ్స్ అనే ఆయన కనిపెట్టిన ఫార్ములా ఒకటుంది. టీమ్ చేసిన పరుగుల వర్గాన్ని, చేసినవి, ఇచ్చినవి రెండింటి వర్గాల మొత్తంతో భాగిస్తే ఎంత శాతం గెలవాలో వస్తుంది. వైట్ సాక్స్ చేసినవి 507, ఇచ్చినవి 813. ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి కొట్టి చూడండి, 28 శాతం వస్తుంది. అంటే 45 విజయాలు. దురదృష్టం తిన్నది నాలుగు మ్యాచ్‌లే. మిగతాదంతా స్వయంకృషి.

93, 81, 61, 41

ఇదేం కొత్తగా పుట్టిన టీమ్ కాదు. అంతకుముందు 120 ఓటముల రికార్డు 1962 న్యూయార్క్ మెట్స్‌ది. వాళ్లకది మొట్టమొదటి సీజన్, మిగతా టీమ్‌లు వదులుకున్నవాళ్లతో కట్టిన టీమ్. పసిబిడ్డ పడిపోతే ఎవరూ నవ్వరు. వైట్ సాక్స్ వందేళ్లు దాటిన టీమ్. 2005లో హ్యూస్టన్ ఆస్ట్రోస్‌ని 4-0తో ఊడ్చేసి, 88 ఏళ్ల తర్వాత వరల్డ్ సిరీస్ గెలిచింది. దీనికో పాత మచ్చ కూడా ఉంది. 1919 వరల్డ్ సిరీస్‌లో డబ్బు తీసుకుని కావాలని ఓడారని ఎనిమిదిమందిని జీవితకాలం బయటికి పంపేశారు. 2024లో ఆ అనుమానం ఎవరికీ రాలేదు. పాపం, వీళ్లు గెలవాలనే ఆడారు.

2021లో ఇదే టీమ్ 93 గెలిచి డివిజన్ టాప్‌లో ఉంది. కుర్రాళ్లు, టాలెంట్, ఇక పదేళ్లు మనదే అన్నారు. తర్వాతి ఏడాది 81. ఆ తర్వాత 61. ఆ తర్వాత 41. ఈ వరుస చూస్తే నాకు నిర్వహణ లేని పాత సాఫ్ట్‌వేరే గుర్తొస్తుంది. ఒక్క రాత్రిలో ఏదీ కూలిపోదు. ప్రతి రిలీజ్‌కీ కొంచెం కొంచెం. చివరికి ఒకరోజు ఏ బటన్ నొక్కినా ఎర్రరే.

ఎక్కడ తేడా కొట్టింది? గాయాలు ఒక కారణం. స్టార్ ఆటగాడు లూయిస్ రాబర్ట్ ఏప్రిల్ మొదట్లోనే గాయపడ్డాడు. యోవాన్ మొన్కాడా ఏడాది మొత్తంలో ఆడింది 12 మ్యాచ్‌లు. కానీ గాయాలు అందరికీ అవుతాయి. అవి తగిలినప్పుడు వెనకాల ఎవరున్నారన్నదే ప్రశ్న. ఇక్కడ ఎవరూ లేరు. ఓనర్ జెర్రీ రైన్స్‌డార్ఫ్ 1981 నుంచి ఈ టీమ్‌ని నడుపుతున్నాడు. మైకేల్ జోర్డాన్ ఆరు టైటిళ్లు గెలిచిన షికాగో బుల్స్ ఓనర్ కూడా ఆయనే. అమెరికాలో మూడో పెద్ద నగరం. అయినా అప్పటికి ఈ టీమ్ చరిత్రలోనే అతి పెద్ద కాంట్రాక్ట్ ఆండ్రూ బెనింటెండీకిచ్చిన 7.5 కోట్ల డాలర్లు. అదే టైమ్‌లో డాడ్జర్స్ షోహెయ్ ఒటానీ ఒక్కడికే 70 కోట్ల డాలర్లు రాసిచ్చింది. డబ్బు ఒక్కటే గెలిపించదు, నిజమే. కానీ పైసా పెట్టకుండా, కొత్త కుర్రాళ్లనీ తయారు చేసుకోకుండా ఎలా?

ఆ 21 రోజుల్లాంటి 21 మ్యాచ్‌లు

సీజన్ మొదలవడమే 3 విజయాలు, 22 ఓటములు. మే చివర్లో ఇంకో వరుస, 14 ఓటములు. అందులో ఒకటి మాత్రం చెప్పి తీరాలి. మే 23న బాల్టిమోర్ ఓరియోల్స్ మీద ఆఖరి ఇన్నింగ్స్. వైట్ సాక్స్ 6-8తో వెనకబడి ఉంది, బేస్‌ల మీద ఇద్దరు రన్నర్లు. బెనింటెండీ కొట్టిన బంతి నిట్టనిలువునా గాల్లోకి లేచింది. అలాంటి బంతికి క్యాచ్ పట్టకముందే అంపైర్ బ్యాటర్‌ని ఔట్ ఇచ్చేసే రూల్ ఒకటుంది. ఇచ్చాడు. ఈలోగా రన్నర్ ఆండ్రూ వాన్ తన బేస్‌కి వెనక్కి వెళ్తూ ఫీల్డర్ దారికి అడ్డొచ్చాడంటూ అతన్నీ ఔట్ ఇచ్చాడు. అక్కడితో మ్యాచ్ ఖతం. ఫీల్డర్‌కి ఆ క్యాచ్ పట్టడంలో ఏ ఇబ్బందీ కలగలేదు. అడ్డొచ్చినట్టు చూపు తిరిగితే చాలట!

తర్వాత అసలు నరకం. జులై 10 నుంచి ఆగస్టు 5 దాకా వరుసగా 21 ఓటములు. అమెరికన్ లీగ్‌లో 1988 ఓరియోల్స్ రికార్డుతో సమానం. రోజూ రాత్రి ఓడిపోవడం, బస్సెక్కడం, విమానం ఎక్కడం, మర్నాడు మళ్లీ ప్యాడ్లూ గ్లవ్సూ సర్దుకోవడం. మరీ జాలిపడకండి, 2024లో లీగ్‌లో కనీస జీతమే ఏడాదికి 7.4 లక్షల డాలర్లు, మన లెక్కలో ఆరు కోట్ల పైమాటే. కానీ ఇంకా పేరు రాని ఓ 24 ఏళ్ల కుర్రాడికి ఈ ఏడాదే కెరీర్‌కి ఇంటర్వ్యూ. ఎవరూ చూడని మ్యాచ్‌లో, గెలవదని తెలిసిన టీమ్‌లో ఆ ఇంటర్వ్యూ ఇవ్వాలి.

ఆగస్టు 6న ఓక్లాండ్‌లో 5-1తో గెలిచి ఊపిరి పీల్చుకున్నారు. రెండు రోజులకే మేనేజర్ పెడ్రో గ్రిఫోల్ ఉద్యోగం పోయింది. మాజీ ఆటగాడు గ్రేడీ సైజ్‌మోర్‌ని తాత్కాలికంగా కూర్చోబెట్టారు.

ఇక బయటపడినవాళ్ల అదృష్టం చూడండి. సీజన్ ముందే శాన్ డియాగోకి అమ్మేసిన పిచ్చర్ డిలన్ సీజ్, జులై 25న ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా మ్యాచ్ మొత్తం వేశాడు. వరుస ఓటముల మధ్యలో డాడ్జర్స్‌కి వెళ్లిన మైకేల్ కోపెక్, మూడు నెలల్లో వరల్డ్ సిరీస్ విజేత. మిగిలిపోయినవాళ్లలో గారెట్ క్రోషే 146 ఇన్నింగ్స్‌లో 209 మందిని స్ట్రైకౌట్ చేసి ఆల్‌స్టార్ అయ్యాడు. అతని ఖాతాలో పడిన విజయాలు ఆరు, ఓటములు పన్నెండు. డిసెంబర్‌లో అతన్నీ బోస్టన్‌కి పంపేశారు.

121వ ఓటమి సెప్టెంబర్ 27న వచ్చింది. సొంతూళ్లో కాదు, డెట్రాయిట్‌లో. 4-1తో గెలిచిన టైగర్స్ అదే రాత్రి ప్లేఆఫ్స్‌కి క్వాలిఫై అయింది. ఒక పక్క సంబరాలు, ఇంకో పక్క వీళ్లు బ్యాగులు సర్దుకోవడం. ఇంకా విచిత్రం, మిగిలిన రెండు మ్యాచ్‌లూ వైట్ సాక్సే గెలిచింది. ఆఖరి ఆరింట్లో ఐదు!

అట్టడుగున ఉన్నవాళ్లకి కొత్త కుర్రాళ్ల ఎంపికలో ముందు ఛాన్స్ వస్తుంది కదా, అదైనా దక్కిందా అంటే అదీ లేదు. పెద్ద నగరాల టీమ్‌లకి వరుసగా రెండేళ్లు లాటరీలో పైస్థానాలు ఇవ్వకూడదని రూల్. 121 ఓడిన టీమ్‌కి దక్కింది పదో నంబర్.

వాళ్ల గ్రౌండ్ పేరు అప్పట్లో గ్యారంటీడ్ రేట్ ఫీల్డ్. ఆ స్పాన్సర్ కంపెనీ లోగోలో ఎర్ర బాణం కిందికి చూస్తూ ఉండేది. మీమ్స్ చేసేవాళ్లకి ఇంకేం కావాలి?

2025 మేలో వాటికన్‌లో కొత్త పోప్‌గా 14వ లియో ఎన్నికయ్యాడు. షికాగో మనిషి, వైట్ సాక్స్ ఫ్యాన్. 2005 వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్ టీవీ ఫుటేజ్‌లో స్టాండ్స్‌లో కూర్చుని కనిపించాడు కూడా. ఆ సీటు దగ్గర స్తంభం మీద టీమ్ ఆయన బొమ్మ పెట్టింది. ఫ్యాన్స్ అక్కడ ఫొటోలు దిగుతున్నారు. ఆ ఏడాది టీమ్ 102 ఓడింది.