నెల తక్కువ బిడ్డ చూపు: తూకం ముందే చెప్పే మాట

34 వారాలు, 2000 గ్రాములు, 30 రోజులు. నెలలు నిండకుండా బిడ్డ పుట్టిన ప్రతి ఇంట్లో ఈ మూడు అంకెలూ నోటికి వచ్చి ఉండాలి. 34 వారాల లోపు పుట్టినా, 2000 గ్రాముల కన్నా తక్కువ తూగినా, పుట్టిన 30 రోజుల్లోపు కంటి డాక్టరు ఆ బిడ్డ రెటీనా చూసి తీరాలన్నది మన దేశంలో నియమం. 28 వారాల లోపు గానీ 1200 గ్రాముల లోపు గానీ అయితే రెండు మూడు వారాలకే చూడాలి. లేకపోతే ముంచుకొచ్చే ముప్పు పేరు రెటినోపతీ ఆఫ్ ప్రిమెచ్యూరిటీ, క్లుప్తంగా ఆర్‌ఓపీ.

2010లో ప్రపంచంలో సుమారు 1,84,700 మంది నెల తక్కువ బిడ్డలకు ఈ జబ్బు వచ్చిందనీ, వారిలో 20,000 మందికి చూపు పూర్తిగానో చాలామటుకో పోయిందనీ అంచనా. మన దేశంలో 2020లో నెల తక్కువగా పుట్టిన బిడ్డలు 30 లక్షల పైమాటే.

జబ్బు ఎలా ముదురుతుంది?

కడుపులో 16వ వారం నుంచి రెటీనా మీద రక్తనాళాలు పాకడం మొదలవుతుంది. చివరి అంచు చేరేసరికి 40వ వారం అవుతుంది. బిడ్డ ముందే పుడితే ఆ పని సగంలో ఉంటుంది. పైగా ఆక్సిజన్ ఎక్కువైతే ఎదుగుదల ఆగిపోతుంది. అందుకే రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని 90 నుంచి 95 మధ్య నిలపాలంటారు. కొన్ని వారాలకు, రక్తం అందని రెటీనా వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను విపరీతంగా విడుదల చేస్తుంది. దాంతో పిచ్చి నాళాలు పుట్టి రెటీనాను లాగేస్తాయి. ఇదంతా జరుగుతున్నా తల్లికి బిడ్డ కళ్లు మామూలుగానే కనిపిస్తాయి.

జబ్బు ముదిరిందని తేలితే 48 నుంచి 72 గంటల్లో చికిత్స జరగాలి. కానీ పెద్ద కంటి ఆసుపత్రులు దూరం: అనంతపురం నుంచి బెంగళూరు సుమారు 210 కిలోమీటర్లు, హైదరాబాద్ సుమారు 360. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే సీమ అనంతపురం. వేరుశనగ చేతికి రాని ఏడాది కూలికి వలసపోయే ఇంట్లో పరీక్ష తేదీ తప్పిపోవడం తేలిక. ఎవరికి ముప్పు ఎక్కువో ముందే పట్టిచ్చే గుర్తులు, అంటే బయోమార్కర్లు, ఇలాంటి చోటే ఎక్కువ అవసరం.

రక్తం, తూకం, కన్నీరు

మొదటి గుర్తు రక్తంలోని ఐజీఎఫ్-1 అనే హార్మోన్. రక్తనాళాలు సవ్యంగా ఎదగాలంటే ఇది కావాలి. 2003లో స్వీడన్ పరిశోధకులు 84 మంది బిడ్డలను గమనించారు. గర్భం నుంచి లెక్కిస్తే 30–33 వారాల మధ్య దీని సగటు, జబ్బు రాని వారిలో లీటరుకు 33 మైక్రోగ్రాములు, తీవ్రంగా వచ్చిన వారిలో 25.

ఐజీఎఫ్-1 తగ్గితే బరువు పెరగడమూ మందగిస్తుంది. కాబట్టి తూకమే రెండో గుర్తు. సూది అక్కర్లేదు, ఖర్చు లేదు. అమెరికా, కెనడాల్లోని 29 ఆసుపత్రుల్లో 7,483 మంది బిడ్డల వివరాలతో 2018లో జీ-రాప్ లెక్క వచ్చింది. పుట్టాక 10–19 రోజుల మధ్య 120 గ్రాములు, 20–29 మధ్య 180, 30–39 మధ్య 170 గ్రాముల కన్నా తక్కువ పెరిగితే ముప్పు కిందే లెక్క. 28 వారాల లోపు పుట్టుక, 1051 గ్రాముల లోపు బరువు, మెదడులో నీరు చేరడం కూడా ఇందులో ఉన్నాయి. ఈ లెక్కతో పరీక్షించాల్సిన బిడ్డల సంఖ్య 30 శాతం తగ్గింది. ఆ సమాచారంలో తీవ్రమైన జబ్బున్న ఒక్క బిడ్డా తప్పిపోలేదు.

మూడో గుర్తు కన్నీరు. పెద్దవాళ్లలో కళ్లు పొడిబారాయేమో చూసే సన్నని కాగితపు పట్టీ ఉంటుంది కదా, దాన్నే బిడ్డ కింది రెప్ప అంచున ఉంచితే కన్నీరు పీల్చుకుంటుంది. ఆ తడిలోని ప్రొటీన్లను కొలుస్తారు. బెంగళూరు నారాయణ నేత్రాలయ బృందం 2021లో ప్రచురించిన అధ్యయనంలో, రెటీనాలో ఎక్కువయ్యే వీఈజీఎఫ్ జబ్బున్న బిడ్డల కన్నీటిలో మాత్రం తక్కువగా, యాంజియోజెనిన్ అనే మరో ప్రొటీన్ ఎక్కువగా కనిపించాయి. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరిశోధకులు 2017లో ఈ జబ్బు వెనుక వాపు ప్రక్రియకు చెందిన ప్రొటీన్ల పాత్రను చూపారు.

మన బిడ్డలకు మన లెక్క

అమెరికాలో సాధారణంగా 1500 గ్రాములు గానీ 30 వారాలు గానీ దాటని బిడ్డలకే పరీక్ష. మన దగ్గర అంతకన్నా బరువున్న వారికీ జబ్బు వస్తోంది. కాబట్టి అక్కడి తూకపు గీతను ఇక్కడ యథాతథంగా పెట్టుకుంటే బిడ్డలు తప్పిపోతారు. కన్నీటి పరీక్ష ఇంకా పరిశోధన దశలోనే ఉంది. ఈ గుర్తులు ఎవరిని ముందు పంపాలో చెప్పగలవు. ఎవరిని పంపనక్కర్లేదో మాత్రం చెప్పలేవు.

దూరానికి మరో జవాబూ ఉంది. నారాయణ నేత్రాలయ 2008లో మొదలుపెట్టిన కిడ్‌రాప్ పథకంలో, శిక్షణ పొందిన సాంకేతిక సిబ్బంది కర్ణాటక జిల్లా ఆసుపత్రులకు కెమెరా తీసుకెళ్లి రెటీనా ఫొటోలు తీస్తారు. దూరంగా ఉన్న నిపుణులు వాటిని చూసి చెబుతారు. మన కరువు జిల్లాల్లో ప్రతి నవజాత శిశు విభాగానికీ ఇలాంటి ఏర్పాటు స్థిరంగా ఉండాలి. బిడ్డ తూకపు చార్టును కంటి డాక్టరుకూ చూపాలి.

అమ్మానాన్నలకు ఒక్క మాట: డిశ్చార్జి కార్డు మీద కంటి పరీక్ష తేదీ రాయించుకోండి. బిడ్డ బాగా బరువు పెరుగుతున్నా ఆ తేదీకి వెళ్లండి. మళ్లీ రమ్మంటే మళ్లీ వెళ్లండి.