గుర్తుచేయుటయు చికిత్సయే

ఒక మందు రోగికి మేలుచేయునా లేదా యని తెలిసికొనుటకు వైద్యశాస్త్రమున ఒక పద్ధతి కలదు. చీటీలెత్తినట్లు రోగులను రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు ఆ మందును, రెండవదానికి వాడుకలోనున్న చికిత్సను ఇచ్చి, ఫలితములను పోల్చిచూతురు. క్షయవ్యాధికి స్ట్రెప్టోమైసిన్ పనిచేయునని 1948లో బ్రిటనులో నిరూపించిన పరీక్ష ఇందుకు ప్రసిద్ధ నిదర్శనము.

మరి వైద్యునకు, రోగికి వేళకు అందవలసిన సమాచారము మాట యేమి? అదియు మందువలెనే పరీక్షకు నిలువవలదా?

అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరమున డాక్టర్ క్లెమెంట్ మెక్‌డొనాల్డ్ ఇట్టి పరీక్ష నొకదానిని జరిపి 1976లో ప్రకటించెను. కంప్యూటరు రోగి రికార్డును పరిశీలించి, చేయవలసిన పరీక్షను గాని, మార్చవలసిన మందును గాని సూచించుచు వైద్యునకు కాగిత మందించెడిది. సూచన అందినపుడు నూటికి 51 సందర్భములలో వైద్యులు తగిన చర్య గైకొనిరి. అందనపుడు 22 సందర్భములలోనే. వైద్యులకు చదువు లేక కాదు. పని యొత్తిడిలో మానవుడు మరచును. ఆ మరపునకు మూల్యము చెల్లించువాడు రోగి.

అయినను ఒక్క పరీక్షతో నిజము స్థిరపడదు. ఒకచోట ఫలించినది వేరొకచోట ఫలింపకపోవచ్చును. విఫలమైన ప్రయత్నములు అచ్చుకాక మరుగుపడుటయు కలదు. కావున జరిగిన పరీక్షలన్నిటిని వెదకి, ఒకచోట చేర్చి, తూచి చూడవలెను. వైద్యవృత్తి ఈ పని చేయకుండుట పెద్ద లోపమని బ్రిటిషు వైద్యుడు ఆర్చీ కోక్రేన్ 1979లో హెచ్చరించెను. ఆయన పేర 1993లో ఏర్పడిన సంస్థ నేటికిని ఆ పనియే చేయుచున్నది.

సమాచారసేవలపై జరిగిన 98 పరీక్షలను కూర్చిన సమీక్ష యొకటి 1996లో అమెరికాలో వెలువడినది. వైద్యునకు గుర్తుచేయుట, రోగికి గుర్తుచేయుట, రోగికి బోధించుట, చికిత్సను నిర్ణయించుటలో తోడ్పడుట మేలుచేయునని అందు తేలినది. కాని ఆ పరీక్షలలో పెక్కు వైద్యుడు ఏమి చేసెనో కొలిచినవే. రోగి ఆరోగ్యము కుదుటపడెనా యని కొలిచినవి కొలదియే. ఈ భేదమును మనము మరువరాదు. అదియుగాక, హెచ్చరికలు మితిమీరినచో వైద్యులు వానిని చూడకయే త్రోసివేయుదురు.

మన దేశమున 2007లో చికిత్సాపరీక్షల జాతీయ నమోదు పట్టిక ఆరంభమైనది. పరీక్షను మొదలిడక పూర్వమే నమోదు చేసినచో, ఫలితము చేదైనను దానిని దాచుట కష్టము. నేడు ఆసుపత్రులలో కంప్యూటర్లు, మన చేతులలో ఫోనులు వైద్యసలహాల నందించుచున్నవి. కొత్త సాధనము వచ్చినప్పుడెల్ల, అది ఎంత వింతయైనదని కాక, దానివలన ఎందరు రోగులకు మేలు కలిగినదని మనము ప్రశ్నింపవలెను.