విజయపురి తీరవిహారం

లోకంలో విహారయాత్రకు పేరుపొందిన ప్రదేశాలలో మధ్యధరా సముద్రపు ఉత్తరతీరం ముందువరుసలో నిలుస్తుంది. ముఖ్యంగా దక్షిణ ఫ్రాన్సులోని కాన్, నీస్ నగరాలు, వాటి చెంతనే ఉన్న మొనాకో రాజ్యం సిరిసంపదలకూ, సొగసులకూ ఆటపట్టులు. పద్దెనిమిదవ శతాబ్ది చివరినుంచి ఇంగ్లండు సంపన్నులు చలికాలం గడపడానికి అక్కడికి రాసాగారు. 1864లో నీస్ నగరానికి రైలు వచ్చింది. 1887లో స్టీఫెన్ లియెజార్ అనే ఫ్రెంచి రచయిత తన గ్రంథానికి ‘నీలితీరం’ అని పేరు పెట్టగా, ఆ పేరే ఆ ప్రాంతానికి స్థిరపడిపోయింది. నాలుగు రోజుల సెలవు దొరికితే అక్కడికి చేరే యాత్రికులు నేటికీ అసంఖ్యాకం.

అయితే ఆ తీరపు ఆకర్షణ అంతా సముద్రపు నీలిమలోనే లేదు. నీస్ నగరంలోని సిమియే గుట్టమీద రోమనుల కాలంనాటి క్రీడారంగమూ, స్నానశాలల శిథిలాలూ కనిపిస్తాయి. ఆ నగరం పేరుకు మూలం ‘నికాయియా’ అనే గ్రీకు పదం. విజయదేవత పేరునుంచి అది పుట్టిందని చెబుతారు. అదే అర్థంగల పేరుతో, మెట్లవరుసల క్రీడారంగంతో మరొక నగరం తెలుగునేలమీద కృష్ణానది ఒడ్డున వెలసింది. అదే పలనాటి విజయపురి. పేర్ల పోలిక కాకతాళీయం కావచ్చు. కాని ఈ రెండు తీరాల ప్రజల నడుమ ఒకనాడు నిజంగానే సంబంధం ఉండేది. ఆ సంగతి తెలుసుకొని చూసేవారికి పలనాటి విహారం రెండింతల ఫలితాన్నిస్తుంది.

సాతవాహనుల అనంతరం, క్రీ.శ. మూడవ శతాబ్దిలో ఇక్ష్వాకులు విజయపురి రాజధానిగా పాలించారు. వారిలో మొదటివాడు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు. అతడు వైదిక మతాభిమాని, అశ్వమేధం చేసినవాడు. ఆ రాజకుటుంబపు స్త్రీలు మాత్రం బౌద్ధ స్తూపాలకూ విహారాలకూ విరివిగా దానాలు చేశారు. ఒకే ఇంటిలో రెండు మతాలు పొరపొచ్చాలు లేకుండా వర్ధిల్లడం ఆ కాలపు విశేషం. శాంతమూలుని కుమారుడైన వీరపురుషదత్తుని పదునాలుగవ పాలనా సంవత్సరంలో బోధిశ్రీ అనే ఉపాసిక వేయించిన ప్రాకృత శాసనం ఇక్కడ దొరికింది. బౌద్ధాచార్యులు ధర్మప్రచారం చేసిన దేశాలను అది పేర్కొంటుంది. కాశ్మీరం, గాంధారం, చీనా, వంగం, తామ్రపర్ణి మొదలైన పేర్ల సరసన ‘యవన’ అనే పేరు కూడా అందులో ఉంది. గ్రీకులనూ, ఆ దిక్కునుంచి వచ్చిన ఇతరులనూ మనవారు యవనులని పిలిచేవారు.

ఆ శాసనమే కంటకసెల అనే ఊరినీ ప్రస్తావిస్తుంది. అది కృష్ణా డెల్టాలోని నేటి ఘంటసాల. మధ్యధరా తీరంలోని అలెగ్జాండ్రియా నగరవాసి టాలమీ, క్రీ.శ. రెండవ శతాబ్దిలో రచించిన భూగోళ గ్రంథంలో ఆ రేవును పేర్కొన్నాడు. మన నేత వస్త్రాలకూ, మిరియాలకూ, మణులకూ రోములో గిరాకీ ఉండేది. భారతదేశపు సరుకుల కోసం ఏటా 5 కోట్ల సెస్టర్సుల ధనం తరలిపోతున్నదని రోమను రచయిత ప్లినీ వాపోయాడు. వినుకొండలోనూ, నాగార్జునకొండలోనూ దొరికిన రోమను బంగారు నాణేలు ఆ వర్తకానికి సాక్ష్యాలు. నాగార్జునకొండ శిల్పాలలో మధుపాత్ర చేబూనిన గడ్డపు మనిషి రూపం ఒకటి ఉంది. అది గ్రీకుల మధుదేవతను తలపిస్తుంది.

ఇంతటి చరిత్రగల లోయను 1926లో రంగస్వామి సరస్వతి గుర్తించి పురావస్తుశాఖ దృష్టికి తెచ్చారు. మరుసటి సంవత్సరంనుంచి లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపించారు. స్వాతంత్ర్యానంతరం నాగార్జునసాగర్ నిర్మాణానికి సంకల్పం జరిగింది. మెట్టపొలాలకు నీరందించాలంటే ఆనకట్ట కట్టాలి. ఆనకట్ట కడితే విజయపురి మునిగిపోతుంది. అన్నమా, చరిత్రా అన్న ప్రశ్న ఎదురయింది. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. అప్పటికే, 1954లో, ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయ అంతటా తవ్వకాలు మొదలయ్యాయి. అవి 1960 వరకు సాగాయి. పాత రాతియుగపు పనిముట్లు మొదలు మధ్యయుగపు కట్టడాల వరకు వెలికివచ్చాయి. ముఖ్యమైన కొన్ని నిర్మాణాలను మెరక ప్రదేశాలకు తరలించి తిరిగి నిలిపారు. మిగిలిన కొన్నింటికి నమూనాలు తయారుచేశారు. ఈజిప్టులో నైలునది ఆనకట్టవల్ల మునగనున్న అబూ సింబెల్ ఆలయాలను 1964–68 మధ్య పైకి తరలించిన వార్త లోకమంతటా మారుమోగింది. దానికి ముందే ఇక్కడ అటువంటి ప్రయత్నం జరిగిందన్నది మన విద్యార్థులు గుర్తుంచుకోదగిన విషయం.

ఈ నేపథ్యంతో బయలుదేరేవారికి పలనాడు చూడడానికి రెండు రోజులు చాలు. మాచర్లవరకు రైలుమార్గం ఉంది. అక్కడినుంచి రోడ్డుమీద విజయపురి సౌత్ చేరవచ్చు. ఆ సమీపంలోనే ఉన్న అనుపులో తిరిగి నిలిపిన క్రీడారంగం కనిపిస్తుంది. నడుమ దీర్ఘచతురస్రాకారపు ఆవరణ, నాలుగువైపులా ప్రేక్షకులు కూర్చునేందుకు మెట్లవరుసలు. రోమనుల రంగాలు అండాకారంలో ఉంటాయి. ఇది కోణాలు తీరిన ఆకారంలో ఉంటుంది. ఆ మెట్లమీద కూర్చునే యాత్రికుడు ఒక్క సంగతి మరువరాదు. ఈ కట్టడం మొదట నిలిచిన చోటు ఇది కాదు. ఆ చోటు జలాశయపు అడుగున ఉంది.

జలాశయం నడుమ ద్వీపంగా మిగిలినదే నాగార్జునకొండ. అక్కడికి లాంచీలో వెళ్ళాలి. విహారాన్ని పోలిన భవనంలోని ప్రదర్శనశాల 1966లో ఏర్పడింది. పలనాటి సున్నపురాతిమీద చెక్కిన బుద్ధుని జీవితఘట్టాలు, శాసనాలు, మునిగిన లోయ నమూనా అందులో ఉన్నాయి. ఆ నమూనాను ముందుగా చూసి, ఆపైన బయటికి వచ్చి నీటివైపు చూస్తే ఒక మహానగరం ఎక్కడ ఉండేదో ఊహకు అందుతుంది.

రెండవరోజు ఎత్తిపోతల జలపాతాన్ని చూడవచ్చు. సుమారు 70 అడుగుల ఎత్తునుంచి దూకే చంద్రవంక వానకాలం తరువాత నిండుగా ఉంటుంది. ఆ ఏటి ఒడ్డునే మాచర్ల చెన్నకేశవాలయం ఉంది. బ్రహ్మనాయుని స్మృతి ఆ ఆలయంతో పెనవేసుకొనిపోయింది. అక్కడినుంచి కారెంపూడి వెళితే నాగులేటి ఒడ్డున పలనాటి వీరుల గుడి కనిపిస్తుంది. పన్నెండవ శతాబ్దిలో గురజాల, మాచర్ల రాజ్యాలు దాయాదుల వైరంతో ఇక్కడే రణరంగంలో తలపడ్డాయి. ఏటా కార్తిక మాసాంతంలో జరిగే వీరుల ఉత్సవంలో ఆయుధాలకు పూజలు చేస్తారు, వీరగాథలు పాడుతారు. కులభేదం పాటించక అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన బ్రహ్మనాయుని చాపకూడును నేటికీ స్మరిస్తారు. విజయపురి రాతిలో నిలిచింది. పలనాటి యుద్ధం ప్రజల నోట నిలిచింది.

1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీరు వదిలారు. లక్షలాది ఎకరాలు పచ్చబడ్డాయి. అందుకోసం లోయలోని పల్లెవాసులు తమ ఊళ్ళు వదలుకున్నారు. మాచర్ల ప్రాంతపు ఎగువ మెట్టలకు మాత్రం ఆ కాలువ నీరు ఎక్కలేదు. ప్రగతికి చెల్లించిన మూల్యాన్నీ, అది అందరికీ సమంగా చేరని వాస్తవాన్నీ ఈ తీరం ఒక్కచోటనే చూపుతుంది.

మధ్యధరా తీరానికి వెళ్ళగలవారు కొందరే. పలనాటి తీరం సామాన్యునికి అందుబాటులో ఉంది. తరలివచ్చిన శిల్పాలకు రాతిగోడలు రక్ష కావచ్చు. కాని వాటి అర్థాన్ని కాపాడవలసింది చూడవచ్చే మనుషులే. గోడలమీద పేర్లు చెక్కి వచ్చేవాడు ఆ సంపదను కొంత తరిగిస్తాడు. శాసనంలో ఒక పేరు చదివి, దాని కథ ఇంటికి తెచ్చి నలుగురికి చెప్పేవాడు పెంచుతాడు. విజయపురి రెండవసారి మునగకుండా ఉండడం అటువంటి యాత్రికుల చేతిలో ఉంది.