రొమ్ములో అరుదైన కణితులు – గుర్తించడం ఎలా?

రొమ్ములో గడ్డ చేతికి తగిలిందనగానే ఇంటిల్లిపాదికీ మనసులో మెదిలే మాట ఒక్కటే – క్యాన్సర్. మన పెద్దలు దీనిని రాచపుండు అన్నారు. రంభ, ఖల్లికోట, ఛత్రపురం ప్రాంతాల ఒడియా ఇరుగుపొరుగువారు కర్కట రోగం అంటారు. కర్కటమంటే పీత. చిలికా ఒడ్డున పుట్టి పెరిగినవారికి పీతను గురించి వేరే చెప్పనక్కరలేదు. కణితి చుట్టూ ఉబ్బిన రక్తనాళాలు పీత కాళ్లవలె కనిపించడం చేతనే ప్రాచీన గ్రీకు వైద్యులు ఈ వ్యాధికి ఆ పేరు పెట్టారని చెబుతారు.

అయితే రొమ్ములో వచ్చే ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు. పరీక్షకు వచ్చే గడ్డలలో అధిక భాగం ప్రమాదం లేనివే. అలాగే ప్రతి క్యాన్సరూ గడ్డ రూపంలోనే కనిపించదు. అరుదైన కణితులు తరచుగా ఇతర వ్యాధుల వేషంలో వస్తాయి. అందువల్లనే వాటిని గుర్తించడంలో ఆలస్యం జరుగుతుంది.

సాధారణంగా కనిపించేవి

2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క సంవత్సరంలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 23 లక్షల మందికి, భారతదేశంలో సుమారు 1 లక్షా 92 వేల మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ సోకింది. మన దేశంలో స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో దీనిదే ప్రథమ స్థానం. వీటిలో అత్యధికం పాలను మోసే సన్నని నాళాలలోనూ, పాలు ఊరే గుత్తులలోనూ ఉండే కణాల నుండి పుడతాయి. ఇవి సాధారణంగా గట్టిగా, నొప్పి లేకుండా, అంచులు స్పష్టంగా తెలియని గడ్డలుగా మొదలవుతాయి.

యుక్తవయసు ఆడపిల్లలలో కనిపించే గడ్డ మాత్రం చాలావరకు ఫైబ్రోఎడినోమా. ఇది గుండ్రంగా, నున్నగా ఉండి, వేలితో కదిపితే అటూ ఇటూ జారుతుంది. ఇది క్యాన్సర్ కాదు.

ఆకుల పొరల కణితి

అరుదైన కణితులలో ముందుగా చెప్పుకోవలసినది ఫిలోడ్స్ కణితి. 1838లో జర్మన్ శాస్త్రవేత్త యోహానెస్ ముల్లర్ దీనిని వర్ణించి, గ్రీకు భాషలో ఆకు అనే అర్థమిచ్చే మాట నుండి పేరు పెట్టారు. కోసి చూస్తే లోపలి భాగం ఆకులు ఒకదానిపై ఒకటి పరచినట్లు కనిపించడమే ఇందుకు కారణం. రొమ్ము కణితులన్నింటిలో దీని వాటా నూటికి ఒకటి కంటే తక్కువ. నలభై, యాభై ఏళ్ల మధ్య స్త్రీలలో ఎక్కువగా కనిపిస్తుంది.

ఆరంభంలో ఇది అచ్చం ఫైబ్రోఎడినోమా వలెనే నున్నగా, కదిలే గడ్డగా ఉంటుంది. తేడా ఎదుగుదలలో ఉంది. కొద్ది నెలలలోనే నిమ్మకాయంత గడ్డ కొబ్బరికాయంత కావచ్చు. పైచర్మం సాగి పలచబడి, నీలిరంగు నరాలు తేలి కనిపిస్తాయి. వైద్యులు దీనిని మూడు తరగతులుగా విభజిస్తారు: ప్రమాదం లేనిది, మధ్యస్థమైనది, ప్రాణాంతకమైనది. అధిక భాగం మొదటి తరగతికే చెందుతాయి.

ఈ కణితి నడక సాధారణ క్యాన్సర్‌కు భిన్నమైనది. సాధారణ రొమ్ము క్యాన్సర్ మొదట చంకలోని గ్రంథులకు పాకుతుంది. ప్రాణాంతకమైన ఫిలోడ్స్ మాత్రం రక్తం ద్వారా వ్యాపించి ఎక్కువగా ఊపిరితిత్తులకు చేరుతుంది. చంక గ్రంథులకు పాకడం చాలా అరుదు. కాబట్టి ఆ గ్రంథులను తొలగించవలసిన అవసరం సాధారణంగా కలగదు. హార్మోను మాత్రల వల్ల ప్రయోజనం ఉండదు. శస్త్రచికిత్సే ప్రధాన వైద్యం. అయితే గడ్డను మాత్రమే ఒలిచి తీస్తే అదే చోట మళ్లీ పుట్టే అవకాశం ఎక్కువ. అందుచేత మధ్యస్థ, ప్రాణాంతక తరగతులలో చుట్టూ ఉన్న ఆరోగ్యవంతమైన కండను కూడా కొంత కలిపి తీస్తారు.

తామర వలె కనిపించే పేజెట్ వ్యాధి

చనుమొన మీద దురద, ఎరుపు, పొలుసులు, రసి కారడం – ఇవి చూసి తామర అనుకుని మందుల దుకాణంలో లేపనం కొని రాసుకోవడం సర్వసాధారణం. ఈ లక్షణాలు కొన్ని సందర్భాలలో పేజెట్ వ్యాధివి కావచ్చు. 1874లో ఇంగ్లండు వైద్యుడు సర్ జేమ్స్ పేజెట్ చనుమొన మీది పుండుకూ లోపలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని తొలిసారి వివరించారు. రొమ్ము క్యాన్సర్లలో నూటికి ఒకటి నుండి మూడు వరకు ఈ రకానివి.

నిజమైన తామర తరచుగా రెండు వైపులా వస్తుంది. చనుమొన చుట్టూ ఉన్న నల్లని వలయంలో ఆరంభమవుతుంది. పేజెట్ వ్యాధి సాధారణంగా ఒకవైపే వస్తుంది. చనుమొన దగ్గరే మొదలై వెలుపలికి పాకుతుంది. రెండు మూడు వారాలు మందు రాసినా మానని ఒంటివైపు పుండును వైద్యునికి తప్పక చూపించాలి.

చీముగడ్డ అని పొరబడే క్యాన్సర్

ఇన్‌ఫ్లమేటరీ క్యాన్సర్ అరుదైనదే కాని అత్యంత వేగవంతమైనది. ఇందులో చేతికి తగిలే గడ్డ ఉండకపోవచ్చు. కొద్ది వారాలలోనే రొమ్ము ఎర్రబడి, బరువెక్కి, వేడిగా ఉంటుంది. చర్మం నారింజ తొక్కవలె గుంటలు గుంటలుగా మారుతుంది. బాలింతలకు పాలు గడ్డకట్టి వచ్చే వాపు కూడా ఇలాగే ఉంటుంది. అందువల్ల పసరు కట్టడం, కాపడం పెట్టడం, సొంతంగా మాత్రలు మింగడంతో విలువైన కాలం గడిచిపోతుంది. పాలిచ్చే తల్లికి వాపు వస్తే అది క్యాన్సర్ అని భయపడనవసరం లేదు. కాని వైద్యుడు ఇచ్చిన మందులు వాడిన తరువాత కూడా వారం, పది రోజులలో తగ్గకపోతే ముక్క పరీక్ష అవసరమవుతుంది. ఈ వ్యాధికి ముందు మందులతో కీమోథెరపీ ఇచ్చి, తరువాతనే శస్త్రచికిత్స, రేడియేషన్ చేస్తారు.

కీమోథెరపీ అనగానే తెలుగువారు గుర్తుంచుకోదగిన పేరు ఒకటుంది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో చేసిన పరిశోధనల ఫలితంగానే మెథోట్రెక్సేట్ మందు వెలువడింది. 1970వ దశకంలో రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స అనంతరం ఇచ్చి సత్ఫలితాలు పొందిన మూడు మందుల కలయికలో అది ఒకటి.

అరుదైనవన్నీ ఒకే తీరు కావు

అరుదైనది అంటే ప్రమాదకరమైనదని అర్థం కాదు. జిగురు వంటి పదార్థంతో నిండి ఉండే మ్యూసినస్ క్యాన్సర్ ఎక్కువగా వయసు మళ్లిన స్త్రీలలో నెమ్మదిగా పెరుగుతుంది. ట్యూబ్యులర్ రకం కూడా అంతే. ఈ రెండూ చికిత్సకు బాగా లొంగుతాయి.

ఇందుకు భిన్నంగా మెటాప్లాస్టిక్ క్యాన్సర్ త్వరగా పెరుగుతుంది. హార్మోను మందులు పనిచేయడానికి కావలసిన గుర్తులు చాలాసార్లు దీని కణాలపై ఉండవు. రక్తనాళాల నుండి పుట్టే యాంజియోసార్కోమా మరింత అరుదు. గతంలో రొమ్ము క్యాన్సర్‌కు రేడియేషన్, అంటే జనవాడుకలో కరెంటు, పెట్టించుకున్నవారిలో కొద్దిమందికి, కొన్నేళ్ల తరువాత చర్మంపై దెబ్బ తగిలినట్లు కమిలిన ఊదారంగు మచ్చగా ఇది మొదలవుతుంది. దెబ్బ తగలకుండానే వచ్చి, మానకుండా విస్తరించే మచ్చను నిర్లక్ష్యం చేయరాదు.

క్షయ కూడా రొమ్ముకు సోకవచ్చు. గడ్డ, చీము కారే రంధ్రం, చంకలో గ్రంథుల వాపు – ఇవన్నీ క్యాన్సర్‌ను అనుకరిస్తాయి. ముక్క పరీక్షలో క్షయ అని తేలితే మందులతోనే నయమవుతుంది. పరీక్షకు భయపడి ఇంట్లో కూర్చున్నవారు ఈ శుభవార్తను కూడా కోల్పోతారు.

పురుషులకు రొమ్ము క్యాన్సర్ రాదనే అభిప్రాయం కూడా సరికాదు. మొత్తం రోగులలో నూటికి ఒకరు పురుషులే. చనుమొన కింద గట్టి గడ్డ కనిపిస్తే సిగ్గుపడక చూపించుకోవాలి.

మూడు మెట్ల పరీక్ష

వైద్యుడు చేతితో చూడటం మొదటి మెట్టు. వయసును బట్టి అల్ట్రాసౌండ్ లేదా మామోగ్రామ్ తీయడం రెండవది. కణజాలాన్ని సూక్ష్మదర్శినిలో పరిశీలించడం మూడవది. సన్నని సూదితో కణాలు తీసే పరీక్ష ఫిలోడ్స్ వంటి కణితులను స్పష్టంగా గుర్తించలేకపోవచ్చు. లావు సూదితో చిన్న ముక్క తీసే పరీక్ష మేలైనది. సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందనే భయం మన పల్లెలలో బలంగా ఉంది. ఆ భయానికి ఆధారం లేదు.

తీసిన గడ్డ ఎంత చిన్నదైనా దానిని తప్పక ప్రయోగశాలకు పంపించాలి. మామూలు గడ్డే కదా అని పారవేస్తే, రెండేళ్లకు అదే చోట మళ్లీ గడ్డ వచ్చినప్పుడు మొదటిది ఏమిటో చెప్పగలిగేవారు ఎవరూ ఉండరు.

సరిహద్దు కుటుంబాలు గమనించవలసినవి

రంభ పరిసరాల వారికి సమీపంలోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి బ్రహ్మపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల. అది 1962లో ప్రారంభమయింది. క్యాన్సర్ చికిత్సకు ఉత్తరాన కటక్‌లో ఆచార్య హరిహర సంస్థ, దక్షిణాన విశాఖపట్నం అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్‌కు చెందిన హోమీ భాభా ఆసుపత్రి ఉన్నాయి. రెండు దిక్కులకూ రైలు మార్గం ఉంది. చిక్కు దారిలో లేదు, కాగితాలలో ఉంది.

ఒడిశాలో 2025 నుండి ఆయుష్మాన్ భారత్ – గోపబంధు జన ఆరోగ్య యోజన అమలులోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఆ రాష్ట్ర కుటుంబాలకు ఉద్దేశించినది. పుట్టిల్లు ఇచ్ఛాపురంలో, మెట్టినిల్లు రంభలో ఉన్న స్త్రీ పేరు ఏ రాష్ట్రపు కార్డులో ఉన్నదో జబ్బు పడకముందే చూసుకోవాలి. వెళ్లబోయే ఆసుపత్రిలో ఆ కార్డు చెల్లుతుందో లేదో ముందుగా విచారించాలి.

ఒక ఆసుపత్రి నుండి మరొక ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ముక్క పరీక్ష నివేదికతో పాటు గాజు పలకలను, మైనపు దిమ్మలను కూడా అడిగి తీసుకోవాలి. అరుదైన కణితుల విషయంలో రెండవ నిపుణుడు వాటిని తిరిగి చూడటం ఎంతో అవసరం. వైద్యునితో ఒడియాలో మాట్లాడలేని తల్లి వెంట ఆ భాష వచ్చిన ఆడమనిషి ఒకరు వెళ్లడం మంచిది. కొడుకు ముందు చెప్పలేని మాట కూతురు ముందో, కోడలి ముందో చెప్పగలదు. రొమ్ములో గడ్డను ఒడియాలో గంఠి అంటారు. ఆ ఒక్క మాట తెలిసినా వైద్యునికి విషయం అందుతుంది.

ముప్ఫై ఏళ్లు దాటిన స్త్రీలకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో రొమ్ము పరీక్ష చేసే ఏర్పాటు ఉంది. ఆశా కార్యకర్తను అడిగితే వివరాలు తెలుస్తాయి. త్వరగా పెరిగే గడ్డ, మానని పుండు, లోనికి ముడుచుకున్న చనుమొన, రక్తం కలిసిన స్రావం, తగ్గని ఎరుపు – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పండుగ వెళ్లాక, పెళ్లి అయ్యాక అని వాయిదా వేయకూడదు. గడ్డ ఏ రకానిదో తేల్చవలసినది పరీక్షే గాని ఇరుగుపొరుగు మాటలు కావు.