కరవునాటి ప్రశ్న



నేను ముప్పది యేండ్లు బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. చిన్ననాడు ఒక శాస్త్రులవారి యొద్ద కొంత తర్కము చదివితిని. ఆ చదువు ముసలితనమున ఇట్లు అక్కఱకు వచ్చునని తలపలేదు.

రామాయపట్టణమునకు దాపుననున్న మా తీరగ్రామమున, ఒక పెండ్లిపందిటిలో, ఒక పెద్దాయన క్రైస్తవ యువకునితో "మీ తాతలు కరవులో గంజికొరకు మతము మారినవారు గదా!" అనెను. యువకుడు మండిపడి ఆయన కొలుచు దేవతలను దూషించెను. ఆ రెండిండ్లవారును కలిసి సరుగుడు తోట పెంచుచుండిరి. నరకవలసిన కాలము దాటినను తోట అట్లే నిలిచియుండెను. యువకుడు నాయొద్దకు వచ్చి, "అయ్యవారూ, నేనేమి చెప్పవలసి యుండెను?" అని అడిగెను.

గౌతముని న్యాయశాస్త్రమున మాటలపోరు మూడు విధములు. సత్యము తెలియుటకై చేయునది వాదము. గెలుపునకై చేయునది జల్పము. తనకొక పక్షమే లేక ఎదుటివానిని ఖండించుటయే పనిగా పెట్టుకొన్నది వితండ. "నాయనా, పెద్దాయన జల్పమునకు దిగెను. నీవు వితండతో బదులు చెప్పితివి. వాదము ఇంకను మొదలే కాలేదు" అంటిని.

ఇక విషయము. సామ్యూల్ డే దొర 1840లో నెల్లూరు వచ్చెను. ఇరువది యేండ్లకు పైగా అచ్చట చేరినవారు బహుకొద్దిమంది. అమెరికాలోని బాప్తిస్టు సంఘమువారు ఆ మిషనును మూసివేయుదమని పలుమార్లు ఆలోచించిరి. దొరతనమును చూచియే జనులు మారుదురన్నచో, అన్నియేండ్లు అట్లేల గడచెను? పిమ్మట 1866లో, కరవునకు పదియేండ్ల ముందే, యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొందెను. ఆయన తోళ్లవర్తకుడు, రాజయోగమున గురువును వెదకినవాడు. ఆయనను ఆకలి తీసికొనిపోలేదు.

1876 మొదలు 1878 వరకు ఘోరక్షామము. అప్పుడు క్లౌ దొర బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, వేలమందికి కూలి కల్పించెను. కాలువగట్టున బోధయు జరిగెను. ఈ మాట దాచవలదు. దాచినచో తక్కిన మాటలను ఎవరును నమ్మరు. కాని కూలికొరకు మతము పుచ్చుకొందురేమో యను శంక మొదట ఆయనకే కలిగెను. అందుచే పదునైదు నెలలపాటు ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. కరవు పనులు ముగిసిన తరువాతనే, 1878 జులై 3వ తేదీన, ఒంగోలునకు ఉత్తరమున గుండ్లకమ్మ యేటిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చినవారు దొరలు కారు, తెలుగు బోధకులు.

ఇంతమందిలో ఎవరి మనస్సు ఎట్టిదో నేనెఱుగను, పెద్దాయనయు ఎఱుగడు. పస్తులున్నవానికి ఒకడు అన్నము పెట్టి, నీవు మనుష్యుడవే యని ప్రక్కన కూర్చుండబెట్టినప్పుడు, ఆ ఆదరమును ఆకలినుండి వేరుచేయుట తార్కికులకును కష్టమే. ఊరి బావికి రానీయబడనివారికి ఆ ప్రక్కన కూర్చుండుట చిన్నమాట గాదు.

యువకుడు ఇదంతయు విని, "రేపే పోయి చెప్పెదను" అనెను. నేను వారించితిని. పేతురు వ్రాసిన మొదటి పత్రికలో, మూడవ అధ్యాయమున, మీ నిరీక్షణకు హేతువు అడిగినవారికి సమాధానమిచ్చుటకు సిద్ధముగా నుండుడని యున్నది. మనవారు అంతవరకే కంఠస్థము చేయుదురు. సాత్వికముతోను మర్యాదతోను చెప్పవలెనని దానివెంటనే యున్నది. అదియుగాక, అడిగిన హేతువు నీది, తాతలది గాదు. ఆ రీతిని చూచినచో గుండ్లకమ్మ కథ సగము సమాధానమే. "నీవేల నమ్ముచున్నావు?" అని ఆయన అడిగినచో ఏమి చెప్పెదవు? అని ప్రశ్నించితిని. అతడు చాలసేపు ఊరకుండెను. తుదకు, తండ్రి సారా మానిన సంగతి, తల్లి ప్రార్థించిన రాత్రుల సంగతి చెప్పెను. అది ప్రత్యక్షము. దానిని పుస్తకములలో వెదకనక్కఱలేదు.

మొన్న ఆదివారము అతడు పెద్దాయన యింటికి పోయి, ముందుగా తన దూషణకు క్షమింపుమని వేడుకొనెనట. కరవు ప్రస్తావన రానేలేదట. గొడ్డలికి కామ తొడుగుచున్న పెద్దాయన తల యెత్తకయే "కూర్చో" అనెనట.